నాలుగో లైను దీపం

మా ఊళ్లో నన్ను పేరుతో పిలిచే అవసరం ఎవరికీ రాదు. పాల కేంద్రం దగ్గర మా ఆయనను పలకరించేవాళ్లు "ఏంప్పా, కంపెనీ ఆమె డ్యూటీ నుంచి వచ్చిందా?" అంటారు. పార్సిల్ తెచ్చిన మనిషి దారి అడిగితే "కంపెనీ ఆమె ఇల్లా? ఆ నీళ్ల ట్యాంకు పక్క సందులో సూడు" అంటారు. ఆ ఇంటికి అంతకుముందు వేరే పేరుండేది. పెద్దబాయోళ్లు అనేవాళ్లు. ఊళ్లో మొదటి పెద్ద బావి తవ్వించింది మా ఆయన ముత్తాతలట. బావి ఎండిపోయి చాలా కాలమైనా ఆ పేరు మాత్రం ఇంటిని వదల్లేదు. నేను కోడలిగా వచ్చాక వదిలింది. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ అర్థం కాదు. గొప్పేమైనా ఉందా అంటే అదీ అర్థం కాదు.

కంపెనీ అంటే రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీ. మదనపల్లెలో ఒక యూనిట్, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. దాని అసలు పేరు గేటు మీద ఇంగ్లీషులో ఉంటుంది. మా వైపు ఎవరూ ఆ పేరు పలకరు. కంపెనీ అంటే చాలు, లోకంలో ఇంకో కంపెనీ లేనట్టు. నేను మూడు యూనిట్లలోనూ పనిచేశాను. నా వయసు మూడు ఊళ్లలో మూడు ముక్కలుగా ఖర్చయిందని అనుకోవచ్చు. అట్లా అనుకుంటే ఏడుపొస్తుంది కాబట్టి అనుకోను.

మదనపల్లెలో చేరేటప్పటికి డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. మాది నిమ్మనపల్లె దగ్గర పల్లె. నాన్న టమాటా పెట్టేవాడు. ధర ఉన్న ఏడు నవ్వేవాడు, లేని ఏడు మాట్లాడేవాడు కాదు. "సంబంధం కుదిరేదాకా పో. ఇంట్లో కూసోని ఏం సేస్తావు?" అంది అమ్మ. సంబంధం కుదిరేదాకా అని బయల్దేరినదాన్ని, పెళ్లయి బిడ్డ బడికి పోతున్నా ఇంకా వెళుతూనే ఉన్నాను.

అక్కడ నాకు మొట్టమొదట నచ్చింది ఒకటుంది. మా పల్లెలో కొత్త ఆడపిల్ల కనబడితే ముందు అడిగే మాట "ఎవురి పాపవమ్మా నువ్వు?" అని. దానికి జవాబు చెప్పేస్తే, ఆ పిల్ల ఎంత దాకా లోపలికి రావచ్చో, ఏ చెంబుతో నీళ్లివ్వాలో అన్నీ అందులోనే తేలిపోతాయి. కంపెనీలో ఎవరూ ఆ మాట అడగలేదు. "ఏ లైను?" అన్నారు. "ఏ బస్సు?" అన్నారు. అందరికీ ఒకే రంగు కోటు, ఒకే టోపీ. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే నా చిత్రాన్నం ఎవరో తినేవాళ్లు, ఎవరిదో సంగటిముద్ద నేను తినేదాన్ని. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అమ్మ పాలు పితుకుతూ తల తిప్పకుండానే "అది ఆడ. ఈడ కాదు" అంది. ఆ రెండు చోట్లకీ మధ్య రోజూ బస్సులో తిరిగేదాన్ని నేనే. ఎక్కడ దిగితే ఎవరినవుతానో నాకే సరిగా తెలిసేది కాదు.

పుంగనూరు యూనిట్ తెరిచినప్పుడు పని తెలిసినవాళ్లను కొందరిని అక్కడికి పంపారు. నన్ను సూపర్‌వైజర్‌ను చేశారు. అంటే ఒక లైను, ఆ వరుస మిషన్లు, వాటి మీద కూర్చునే ఆడవాళ్లు, వాళ్ల పని, అన్నీ నా తలమీద. కోటు రంగు మారింది. నిన్నటిదాకా "యేమ్మే" అని పిలిచినవాళ్లు పొద్దున్నే "మేడం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కొన్నాళ్లకు ఒకామె మరిచిపోయి మళ్లీ "యేమ్మే" అంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మా ఇంట్లోంచి తెచ్చుకున్నది మాత్రం కాదు.

పెళ్లిచూపులు అప్పుడే జరిగాయి. అబ్బాయి వాళ్లది కుప్పం వైపు, సేద్యం, ఆవులు. వంట వచ్చా అని కూడా అడగలేదు. మా అత్త నోటినుంచి వచ్చిన మొదటి మాట, "కుప్పంలో గూడా మీ కంపెనీ ఉండాదంట గదా పాపా, ఆడికి మార్పించుకుంటావా?" మార్పించుకుంటానన్నాను. ముందు ట్రాన్స్‌ఫర్ ఖాయమైంది, ఆ తరువాతే లగ్నపత్రిక రాసుకున్నారు. వాళ్లు కోడలిని తెచ్చుకున్నారో, కంపెనీని తెచ్చుకున్నారో అని నేను చాలాసార్లు మా ఆయనను ఆటపట్టించాను. ఆయన నవ్వి ఆవుల దగ్గరికి పోతాడు.

మా ఊరి ముసలివాళ్లు అరుగుల మీద కూర్చొని కంపెనీని తిట్టని రోజు ఉండదు. చెనిక్కాయ చేలో కలుపు తీసే చేతులన్నీ బస్సెక్కిపోతున్నాయని వాళ్ల బాధ. నిజమే. అట్లా తిట్టిన పెద్దమనిషే సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "మా కోడలికి ఏదన్నా పని సూడమ్మా" అంటాడు. ఊరంతా కంపెనీ బస్సు హారనుకే లేస్తుంది. బస్సు వచ్చేలోపు పాలు పితకాలి కాబట్టి ఆవులు కూడా ఆ వేళకే అరుస్తాయి. పెళ్లి ముహూర్తాలన్నీ సెలవు కోసం ఆదివారాల్లోనే పడుతున్నాయి. మా వైపు పంచాంగాలకు ఈమధ్య ఆదివారం మీద ప్రేమ బాగా పెరిగింది.

నన్ను నేనే చూసుకొని ఉలిక్కిపడిన సందర్భాలూ ఉన్నాయి. పలమనేరులో చుట్టాలమ్మాయి పెళ్లికి పోయాను. పెళ్లిపీటల దగ్గర అక్షింతలు వేయడానికి వంగినదాన్ని, పెళ్లికూతురి రవిక భుజం దగ్గర కుట్టును రెండు వేళ్లతో పట్టి లాగి చూశాను. "కుట్టు వదులుగా ఉంది" అని కూడా అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. వాళ్లమ్మ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. నా చేతులు నన్ను అడక్కుండా డ్యూటీ చేస్తాయని అప్పుడే అర్థమై ఉండాల్సింది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇక మా ఊరి గంగమ్మ జాతర సంగతి. అందులో దీపాలెత్తడం ముఖ్యం. వంశానికి ఒక దీపం. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట తీసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. ఆ పళ్లేన్ని ఇంటి కోడలు రెండు చేతులా పట్టుకొని గుడి ముందుకు తేవాలి. పూజారికి ఊళ్లో తెలియని ముఖం లేదు. అయినా వచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఎవురి దీపమమ్మా?" అని అడుగుతాడు. ఆమె తన ఇంటి పేరు పైకి చెప్పాలి. చెప్పిన పేరు అమ్మవారి చెవిన పడినట్టు లెక్క, ఏడాది పొడుగునా ఆ ఇంటిని ఆ తల్లే చూసుకుంటుంది. పేరు పలకని ఇంటికి ఆ ఏడు దీపం లేనట్టే. చావు మైలలో ఉన్నవాళ్లకు తప్ప అట్లాంటి గతి ఎవరికీ పట్టదు.

మా ఇంటి దీపాన్ని అన్నేళ్లూ మా అత్తే ఎత్తింది. ఈ ఏడు జాతర చాటింపు వేసిన రోజు మోకాళ్లు రుద్దుకుంటూ, "ఇంక నాతో కాదు. ఈసారి నువ్వెత్తు" అంది. పెద్దగా చెప్పిన మాటేమీ కాదు, చింతపండు నానబెట్టమన్నట్టే చెప్పింది. కానీ ఆమె నన్ను కంపెనీతో సంబంధం లేని పని ఒకటి అడగడం అదే మొదలు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో తిని, పడుకొని, బస్సెక్కుతున్నాను. ఇల్లు నా చేతికిచ్చింది మాత్రం ఆ రోజే అనిపించి చాలా సంతోషపడ్డాను.

మరుసటి వారమే కంపెనీలో పిలుపొచ్చింది. ఈ ఏడు జాతరకు పందిరి, సీరియల్ లైట్లు కంపెనీయే పెట్టిస్తోందట. అందుకు సంతోషపడి జాతర కమిటీవాళ్లు కంపెనీ పేరున కూడా ఒక దీపం ఎత్తుకోమన్నారట. మా మేనేజర్ ఉత్తరాది మనిషి, మంచివాడు. ఊళ్లోని ఆడవాళ్లందరికీ సగం రోజు సెలవు, ఒకే రంగు చీరలు. "దీపం మీరే ఎత్తాలి మేడం, మీరు ఆ ఊరి కోడలు కదా" అన్నాడు. ఇంట్లో అత్త దీపం ఇచ్చిందని చెప్పాను. ఆయన బలవంతం చేయలేదు. "మీ ఇష్టం మేడం. రెండూ మీ కుటుంబాలే" అన్నాడు.

బలవంతం చేసి ఉంటే బాగుండేది. తిట్టుకుంటూ ఇంటికొచ్చి అత్త మాట వినేదాన్ని. మీ ఇష్టం అన్నాక, నా ఇష్టం ఏదో నేను వెతుక్కోవలసి వచ్చింది. అది ఎంతకీ దొరకలేదు. నా కాన్పు కష్టమై కుప్పం ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, వంతులేసుకొని నా మంచం పక్కన కూర్చున్నది మా నాలుగో లైను ఆడవాళ్లే. నాకు ఎక్కించిన రక్తం వాళ్లది. చుట్టాలు వచ్చి హార్లిక్స్ సీసాలు పెట్టి పోయారు. మరి నావాళ్లు ఎవరు? అట్లాగని కంపెనీ నాదే అనుకుందామంటే, పసిబిడ్డను అత్త చేతికిచ్చి డ్యూటీకి వచ్చిన మొదటి రోజే నా లైను ఎందుకు వెనకబడిందని అడిగింది కూడా ఆ కంపెనీయే. ఎటు తిరిగినా సగం నిజమే కనబడేది.

మా ఆయనను అడిగాను. ఆవుకు దాణా కలుపుతూ, "యాదో ఒకటెత్తు. అమ్మోరికి లైట్లేసేది ఎట్లాగూ కంపెనీనే గదా" అన్నాడు. ఈయనను అడగడం కంటే ఆవును అడిగినా బాగుండేది. అత్తకు సంగతి తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె మాత్రం బియ్యం కడిగి ఆరబోసింది, దంచింది, జల్లించింది. పిండి తెల్లగా, మెత్తగా వచ్చింది. ఆ పిండి చూశాక నాకు ధైర్యమొచ్చింది. మేనేజర్ దగ్గరికి పోయి, నేను ఇంటి దీపమే ఎత్తుతానని, కంపెనీ దీపం మా లైనులో చిన్నామె ఒకరు ఎత్తుతుందని చెప్పేశాను. ఆయన సరేనన్నాడు. ఇంత సులభమా అనుకున్నాను.

జాతర రోజు సాయంత్రం అత్త తన పట్టుచీర తీసి నాకు తనే కట్టింది. పళ్లెం చేతికిచ్చి, "మ్యాళం మోతలో ఇనబడదు, పూజారి అడిగితే గెట్టిగా సెప్పు" అంది. నేను ముందు నడిచాను. ఆమె కర్ర ఊతతో నా వెనక వచ్చింది. వీధి పొడుగునా దీపాలే. పందిరి కింద ఒక పక్కగా మా లైను ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో నిలబడి "మేడం, మేడం" అని చేతులూపారు. ఇళ్ల వరుస అయ్యాక చివరన వాళ్ల వంతు. నేను వాళ్లను చూసి నవ్వి, మళ్లీ ముఖం సరిచేసుకొని ముందుకు జరిగాను. వత్తి ఆరకుండా ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాను.

నా వంతు వచ్చింది. పూజారి తలెత్తలేదు. పళ్లెం వైపే చూస్తూ అడిగాడు.

"ఎవురి దీపమమ్మా?"

"నాలుగో లైను!" అన్నాను. అత్త చెప్పినట్టే, గట్టిగా.

ఇది ఎట్లా జరిగిందో చెప్తేనే తెలుస్తుంది. కంపెనీలో సూది విరిగితే కొత్తది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ వెతికి చిన్న స్టీలు పళ్లెంలో పెట్టుకొని స్టోరు కిటికీ దగ్గరికి పోవాలి. ఒక్క ముక్క తక్కువైనా లైను ఆపేస్తారు, అది ఏ పసిబిడ్డ చొక్కాలో ఉండి గుచ్చుకుంటుందో అని. కిటికీలో మనిషి తలెత్తడు. పళ్లెం చూసి "ఎవరిది?" అంటాడు. సూపర్‌వైజర్ లైను నంబరు చెప్పాలి. నేను చెప్తాను. ఏళ్ల తరబడి చెప్తున్నాను. చేతిలో పళ్లెం, ఎదురుగా తలెత్తని మనిషి, ఎవరిది అనే మాట. నా నోటికి అంతకంటే ఏం కావాలి?

ముందు నాకే తెలియలేదు. పందిరి కిందనుంచి "ఓ" అని కేక వినిపించింది. మా లైను ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నేను ఇంటి దీపాన్ని వాళ్ల పేరున ఎత్తాననుకున్నారు పాపం. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. పూజారి అప్పటికే ముద్దను తీసి అమ్మవారి ముందు పెట్టేశాడు.

"కాదు సామీ, తప్పు సెప్పినాను! పెద్దబాయోళ్ల దీపం" అన్నాను.

"సెప్పిన మాట యెనక్కి తీసుకునేది లేదమ్మా. అమ్మ ఇనేసింది" అన్నాడాయన తలెత్తకుండానే. "మీ ఇంటిది ఇంకోటి తెచ్చుకోండి, వరస ముగిసేలోపల."

నవ్వులు మొదలయ్యాయి. "ఇంటి పేరే మర్సిపోయిండాదే ఈమె!" అని ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పోనీలేప్పా, నాలుగో లైనుకు ఈ ఏడు సూదులిరగవు" అని కమిటీ పెద్దమనిషి ఒకాయన. మామూలుగా అయితే ఆ మాటకు నేనే ముందు నవ్వేదాన్ని. ఇంతలో కంపెనీ దీపం పట్టుకున్న చిన్నామె నా దగ్గరికి వచ్చింది. "మేడం, మనది అయిపోయింది గదా, దీన్నేం సేసేది? మీ ఇంటిదని సెప్పేదా?" అని అడిగింది. అమాయకంగానే అడిగింది. "ఉండు, అత్తను అడుగుతా" అన్నాను. వెనక్కి తిరిగేసరికి అత్త లేదు.

ఆమె కర్ర పట్టుకొని ఇంటి దారి పట్టింది. పరుగెత్తి కలుసుకున్నాను. ఆమె ఇంట్లోకి పోయి మిగిలిన పిండి చాటలోకి వంచింది.

"నన్ను తిట్టత్తా" అన్నాను.

"తిట్టేదానికి టైము లేదు. బెల్లం కొట్టు" అంది.

బెల్లం కొట్టాను. ఆమె ముద్ద కలిపి, బొటనవేలితో గుంట నొక్కింది. నెయ్యి నేనే పోశాను. పళ్లెం అందుకోబోతూ, "నేనెత్తుకుంటానత్తా, ఈసారి సరిగ్గా సెప్తాను" అన్నాను. ఆమె పళ్లెం తన వైపు లాక్కుంది.

"ఒకే మనిషి రెండిండ్ల దీపాలు ఎత్తగూడదు" అంది.

అది నిజంగా ఆచారమో, ఆ నిమిషంలో ఆమె నోటికి వచ్చిన మాటో నాకు తెలియదు. అంతకుముందు ఎవరూ చెప్పగా వినలేదు. అడిగే ధైర్యం లేదు.

పళ్లెం పట్టుకుంటే కర్ర పట్టుకోవడానికి చెయ్యి లేదు కాబట్టి, నేను ఆమె మోచెయ్యి పట్టుకొని నడిపించాను. బరువంతా నా మీదే వేసింది. మేము చేరేసరికి వరుసలో ఇళ్లన్నీ అయిపోయాయి. మా లైను ఆడవాళ్లు ఇంకా కంపెనీ దీపంతో అక్కడే ఉన్నారు. ఈసారి ఎవరూ చేతులూపలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఎవురి దీపమమ్మా?" అన్నాడు పూజారి.

"పెద్దబాయోళ్ల దీపం సామీ" అంది అత్త. మేళం ఆగిపోయి ఉంది, మెల్లగా చెప్పినా అందరికీ వినబడింది.

ఆయన పళ్లెం అందుకుంటూ ఆమె కాళ్లు వణకడం చూశాడు. "యాలమ్మా నీకీ అవస్థ? ఇంట్లో కోడలు లేదా?" అన్నాడు.

"ఉండాది సామీ. డ్యూటీకి పోయిండాది" అంది.

ఆ గొంతులో కోపం లేదు. నా వైపు చూడలేదు. ఊళ్లో అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చిందో, చెంప మీద కొట్టిందో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె మోచెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, బరువు ఇంకా నా మీదే ఉంది.

పూజారి మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. పట్టుచీరను చూశాడు.

"ఔనా అమ్మా?" అన్నాడు.

"ఔను సామీ" అన్నాను.